టోకెనుల కొనుగోలు పెట్టుబడి యగునా?

మాటకు మర్యాద కలదు. ఆ మర్యాదను అడ్డు పెట్టుకొని చేయరాని పనులు చేయువారును గలరు. జూదమాడి వచ్చితినని యింట జెప్పుకొనువాడెవ్వడును లేడు. పెట్టుబడి పెట్టి వచ్చితినని చెప్పుకొనువారు మాత్రము పట్టణములయందు వీధివీధిని గానవచ్చుచున్నారు. క్రిప్టోకరెన్సీల పేరిట జరుగు టోకెనుల బహిరంగవిక్రయములలో, అనగా క్రౌడ్‌సేల్ అని పిలువబడు వానిలో, సొమ్ము చెల్లించుటను నేటి విద్యావంతులు పెట్టుబడి యనియే వ్యవహరించుచున్నారు. ఈ వ్యవహారము సరికాదని మా యభిప్రాయము. ఇది వట్టి శబ్దవివాదమని చదువరులు తలపరాదు. జూదమన్నచో తల్లి యడ్డుపడును, ఇల్లాలు నిలదీయును. పెట్టుబడి యన్నచో వారే బిడ్డల చదువునకై దాచిన సొమ్మును పెట్టె తెఱచి చేతికిత్తురు. కావున ఈ పేరు తగినదా కాదా యని విచారించుట గృహస్థులకెల్ల నవసరము.

ముందుగా ఈ విక్రయము నడచు విధము తెలిసికొందము. కొందఱు సాంకేతికులు కూడి, ఫలానా పనికి ఉపయోగించు కంప్యూటర్ల వ్యవస్థ నొకదానిని నిర్మింపబోవుచున్నామని వైట్ పేపర్ అను ప్రకటనపత్రమును వెలువరింతురు. ఆ వ్యవస్థ పూర్తికాక మునుపే, ఒక్కొక్కప్పుడు మొదలైనను కాకమునుపే, అందులో మున్ముందు చెల్లుబాటు కాగల టోకెనులను లోకమునకెల్ల నమ్ముదురు. వెలను బిట్‌కాయిన్ల రూపమున గాని ఈథర్ రూపమున గాని పుచ్చుకొందురు. బిట్‌కాయిన్ వ్యవస్థ 2009 జనవరిలో ఆరంభము కాగా, ఇట్టి విక్రయములలో మొదటిదిగా నెన్నబడు మాస్టర్‌కాయిన్ విక్రయము 2013లో జరిగినది. అన్నిటికంటె పేరుమోసినది ఇథీరియమ్ వారిది. 2014 జూలై 22 మొదలు సెప్టెంబరు 2 వఱకు 42 దినములు సాగిన ఆ విక్రయములో సుమారు 6 కోట్ల ఈథర్ అమ్ముడుపోయెను. వచ్చిన బిట్‌కాయిన్లు 31 వేలకు పైబడినవి. ఆనాటి ధరకు వాని విలువ సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లు. ఆ వ్యవస్థ పనిచేయ నారంభించినది మఱుసటి యేడు జూలై 30న.

పెట్టుబడి యను మాటకు మన పల్లెలలో స్పష్టమైన అర్థము కలదు. రైతు విత్తనములకును, ఎరువులకును, కూలికిని పెట్టిన సొమ్ము పెట్టుబడి. అది భూమిలోనికి పోయి పంటగా మఱలివచ్చును. వానలు లేనియెడల ఎండియు పోవును. నష్టభయమున్నంత మాత్రమున అది పెట్టుబడి కాకపోదు. పండినచో ఆ పంట తనదగుటయే దానిని పెట్టుబడిగా జేయుచున్నది. టోకెను కొన్నవాని సొమ్మును పనిలోనికే పోవును, ప్రోగ్రాములు వ్రాయువారి జీతములకు చెల్లును. ఆ మేరకు అది నిర్మాతలకు పెట్టుబడియే. కాని కొన్నవానికి పొలములో భాగము లేదు, పంటలో పాలు లేదు. ఆ పొలమునకు పోవు బాటలో చెల్లు చీటి యొకటి చేతిలో మిగులును.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారములను బహుసూక్ష్మముగా విభజించిరి. మనుస్మృతిలో వ్యవహారపదములు 18. ఆ స్మృతులలోని అధికారభేదములును దండనలును నేడు మనకు గ్రాహ్యములు కావు. అయినను, ధనము చేయి మాఱునప్పుడు ఇచ్చినవానికి ఏ హక్కు కలుగుచున్నదని యడుగు వారి పద్ధతి నేటికిని పనికివచ్చును. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను కేతన 13వ శతాబ్దమున తెలిగించినది మొదలు ఈ విభాగము మన భాషకును కొత్త కాదు. టోకెను కొనుగోలు ఏ పదము క్రిందికి వచ్చునో చూతము.

ఇది ఋణాదానమా? అప్పిచ్చినవానికి అసలు కలదు, వడ్డీ కలదు, గడువు కలదు. బాకీదారుడు ఎగవేసినచో నోటు పట్టుకొని న్యాయస్థానమునకు పోవచ్చును. టోకెను కొన్నవానికి ఈ నాలుగును లేవు. నిక్షేపమా? దాచుకొనుమని యిచ్చిన సొమ్మును అడిగినప్పుడు తిరిగి యీయవలెను. ఇక్కడ తిరిగి యిచ్చు ప్రసక్తియే లేదు. సంభూయసముత్థానమా? వర్తకులు పలువురు కూడి వ్యాపారము చేసినప్పుడు వారివారి మూలధనమును బట్టియో ఒప్పందమును బట్టియో లాభనష్టములు పంచుకొందురు. నేటి కంపెనీ వాటాదారుని హక్కులన్నియు ఈ బీజములోనివే: లాభములో అంశము, సభలో వోటు, లెక్కలు చూచు అధికారము, కంపెనీ మూతపడినప్పుడు అప్పులు తీర్పగా మిగిలిన దానిలో పాలు. సాధారణముగా అమ్మబడు టోకెనునకు వీనిలో ఒక్కటియు లేదు.

దానమా? ఒక మంచి పని జరుగవలెనని తోడ్పడినచో అది గౌరవింపదగినదే. కాని దాత ప్రతి ఉదయమును లేచి తానిచ్చిన దానము ధర యెంత పలుకుచున్నదని చూచుకొనడు. క్రయమా? అవును, ఇది క్రయమే. అయితే ఇంకను పుట్టని వస్తువునకు ముందుగా వెల చెల్లించు క్రయము. యాజ్ఞవల్క్యుడు కొన్న సరకును పరీక్షించుకొనుటకు గడువులు విధించెను: విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1 దినము, బండిలాగు పశువునకు 5 దినములు. నాగలికి కట్టు ఎద్దును కొన్నవానికున్న పాటి రక్షణ కూడ టోకెను కొన్నవానికి లేదు. వెల తిరిగి యీయబడదని విక్రయపు షరతులలో ముందే వ్రాసియుండును. పుట్టని వస్తువును, తనకు అవసరము లేనిదానిని, మఱియొకడు ఎక్కువ వెలకు కొనునన్న ఆశతో మాత్రమే కొన్నచో, ఆ పని క్రయము దాటి ద్యూతపు సరిహద్దులో అడుగిడినట్లే.

ఇది మా కల్పన యనుకొనువారు అమ్మినవారి మాటలే చూడవచ్చును. 2014లో ఇథీరియమ్ వారు, ఈథర్ ఒక సరకే గాని వాటాయు పెట్టుబడియు కాదనియు, దానివలన దేనిమీదను వోటుహక్కు కలుగదనియు, ముందుముందు దాని విలువకు తాము పూచీపడమనియు బహిరంగముగా ప్రకటించిరి. 2017 జూన్ మొదలు 2018 జూన్ వఱకు ఏడాది పొడుగున ఈఓఎస్ అను టోకెనులనమ్మి బ్లాక్.వన్ అను కంపెనీ సుమారు 400 కోట్ల డాలర్లు కూడబెట్టెను. ఆ కొనుగోలు ఒప్పందములో, ఈ టోకెనునకు హక్కులు గాని, ఉపయోగము గాని, ప్రయోజనము గాని లేవని స్పష్టముగా వ్రాసియున్నది. అమ్మువాడు కాదు కాదని నోరారా చెప్పుచుండగా, కొనువాడు మాత్రము ఇది పెట్టుబడియే యని పట్టుబట్టుట వింతగా లేదా? ముత్యపుచిప్పను చూచి వెండియని భ్రమించువానిని గూర్చి వేదాంతులు శుక్తిరజతన్యాయము చెప్పుదురు. అక్కడ చిప్ప తాను చిప్పనని చెప్పుకొనజాలదు. ఇక్కడ చెప్పియు లాభము లేకపోయెను!

టోకెనునకు వినియోగము కలదు, వ్యవస్థ నడచినప్పుడు అది అవసరమగునని కొందఱందురు. టోకెను అనగా నేమో మనవారికి తెలియనిది కాదు. తిరుమలలో దర్శనమునకు టోకెనిత్తురు. ఆసుపత్రిలో వైద్యుని చూచుటకు టోకెనిత్తురు. వంతు వచ్చినతోడనే దాని పని తీఱును. ఒక్క టోకెను తీసికొన్నవాడు రోగి. వంద టోకెనులు పోగుచేసినవానిని మనము రోగి యనము, పెట్టుబడిదారుడనియు ననము. వానికి తగిన పేరు వేఱుగా నున్నది. అమెరికాలో మంచీ యను సంస్థ భోజనశాలల గుణదోషములు వ్రాయు ఒక ఫోను సాధనమునకై టోకెనులమ్మ బూనెను. అవి వినియోగమునకే యని చెప్పుచునే, వాని ధర పెరుగునని ప్రచారము చేసెను. 2017 డిసెంబరులో అచ్చటి సెక్యూరిటీల కమిషను అడ్డుకొనగా విక్రయము నాపి కొన్నవారి సొమ్ము తిరిగి యిచ్చివేసెను. తినబోవు ఇడ్లీ రుచి తెలుపు సాధనమునకు డాలర్లు పోయువారందఱును ఇడ్లీ ప్రియులని నమ్మువారెవరు?

ఇక మా మతమునకు చెప్పబడు ఆక్షేపణలను విచారింతము. మొదటిది, లాభము వచ్చినది గదా యనుట. 2014లో ఒక ఈథర్ సగటున 31 సెంట్లకు దొరికెను; 2021 నవంబరులో అది 4,800 డాలర్లు మించెను. నిజమే. కాని ఫలమును చూచి కర్మ స్వభావమును నిర్ణయింపరాదు. కాకి వ్రాలినప్పుడే తాటిపండు పడుట కాకతాళీయము. కాకిని తోటమాలి యనము. లాటరీలో గెలిచినవాని సొమ్ము నిజమైన సొమ్మే, అయినను టికెట్టు కొనుట పెట్టుబడి కాలేదు. బెంజమిన్ గ్రాహము, డేవిడ్ డాడ్ అను అమెరికను పండితులు 1934లో వెలువరించిన గ్రంథమున, సమగ్రమైన పరిశీలనయు, అసలునకు భద్రతయు, తగుపాటి ఆదాయమును గలదే పెట్టుబడి యనియు, తక్కినది ఊహావ్యాపారమనియు నిర్ణయించిరి. టోకెను ఏటేట ఏమియు ఈయదు. దానివలన వచ్చు లాభమంతయు వెనుక వచ్చి కొనువాని జేబులోనిదే.

రెండవది, కొత్త కంపెనీల వాటాలును మునిగిపోవుచున్నవి, బంగారమును వడ్డీ యీయదు గదా యనుట. వాటా మునిగినను మునుగువఱకు యజమాని యజమానియే. కంపెనీ బాగుపడినచో ఆ బాగు వానిది. టోకెను విషయములో, నిర్మాతల సంస్థ బాగుపడి టోకెను చచ్చిపోవుట కూడ సంభవమే. బంగారము మాట కొంత సమంజసమైనదని యొప్పుకొనవలసినదే. కాని బంగారము ఇప్పుడే కలదు. అది పుట్టునా పుట్టదా యన్నది ఒక సంస్థ వాగ్దానము మీద నాధారపడియుండదు. కొన్ననాడే తూచుకొని ఇంటికి తెచ్చుకొందుము.

మూడవది బలమైన ఆక్షేపణ. అమెరికా చట్టమే దీనిని పెట్టుబడి ఒప్పందమని చెప్పినది గదా యందురు. 1946లో ఆ దేశపు సుప్రీంకోర్టు హోవీ కంపెనీ వ్యాజ్యెములో తీర్పుచెప్పెను. ఫ్లోరిడాలోని నారింజతోటలను ముక్కలుగా నమ్మి, సాగును కాయల అమ్మకమును తామే చూచి లాభమిచ్చెదమని చెప్పుట, భూమి అమ్మకము కాదు, పెట్టుబడి ఒప్పందమేనని ఆ తీర్పు. దీని ననుసరించి కమిషను 2017 జూలైలో ది డావో యను సంస్థ టోకెనులు సెక్యూరిటీలే యని నిర్ణయించెను. 2016లో ఆ సంస్థ సుమారు 15 కోట్ల డాలర్ల విలువగల ఈథర్ కూడబెట్టిన కొద్దికాలమునకే, దాని ప్రోగ్రాములోని లోపము మూలమున 36 లక్షల ఈథర్ దారిమళ్లెను. మన దేశమునను 1990 తరువాతి యేండ్లలో టేకుచెట్ల పేరిట గృహస్థుల సొమ్ము లాగిన పథకములు చెడిన పిమ్మట, 1999లో సెబీ చట్టమునకు 11ఎఎ సెక్షను చేర్చబడెను.

ఇందుకు మా సమాధానమిది. చట్టము ఆ పేరు పెట్టినది కొన్నవానిని మెచ్చుకొనుటకు కాదు, అమ్మినవానిని కట్టడి చేయుటకు. కల్తీనేతిని ఆహారచట్టము ఆహారముగనే ఎంచును. ఎంచనిచో శిక్షించుట కుదరదు. అంతమాత్రమున దానిని పిల్లలకు వడ్డింతుమా? అమ్మకపు తీరు పెట్టుబడి తీరు, చేతికి వచ్చినదానిలో పెట్టుబడి హక్కు లేదు. ఈ రెంటి నడిమి దూరమే చట్టమునకు పని కల్పించినది. టెలిగ్రామ్ సంస్థ 2018లో టోకెనులకై సుమారు 170 కోట్ల డాలర్లు కూర్చెను. న్యాయస్థానము అడ్డుపడిన పిమ్మట 2020లో 120 కోట్ల డాలర్లకు పైగా తిరిగి యిచ్చుట కొడంబడి, 1 కోటి 85 లక్షల డాలర్ల జరిమానాయు చెల్లించెను. అంత సొమ్ము వెనుకకు వచ్చినది టోకెను మహిమచేత కాదు, చట్టము చేత.

మన ప్రభుత్వము పన్ను వేయుచున్నది కనుక ఇది అంగీకృతమైన పెట్టుబడి యని వాదించువారును కలరు. 2018లో రిజర్వు బ్యాంకు క్రిప్టోవ్యాపారులకు బ్యాంకుల తోడ్పాటును నిషేధింపగా, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. 2022లో ఇట్టి ఆస్తులమీది లాభమునకు 30 శాతము పన్ను విధింపబడెను. ఒక టోకెనులో పోయినదానిని వేఱొక టోకెనులో వచ్చినదానితో సరిపెట్టుకొనుటకైనను వీలీయలేదు. ఆ 30 శాతము లాటరీ గెలుపుమీద నున్న రేటే యని గమనింపవలెను. సారాయి మీదను పన్ను కలదు. అందుచేత సారాయి పథ్యము కాలేదు.

దీనిని నిషేధింపవలెనని మేము కోరుట లేదు. కంప్యూటరు శాస్త్రమునందలి కొత్త ప్రయత్నములయెడల మాకు ద్వేషము లేదు. అట్టి ప్రయత్నమును మెచ్చి తోడ్పడువారిని తప్పుపట్టము. మిగులుసొమ్ముతో ధైర్యము చేయువాని స్వేచ్ఛకు అడ్డురాము. పేరు మార్చవలదనియే మా కోరిక. టోకెను కొనుమని కొడుకు గాని అల్లుడు గాని స్నేహితుడు గాని వచ్చి చెప్పినప్పుడు, ఇంటివారు మూడు ప్రశ్నలడుగవలెను. ఈ సొమ్మునకు బదులు మనకు ఏ హక్కు కలుగును? ఆ హక్కును ఏ న్యాయస్థానము ఎవరిమీద నిలబెట్టును? వెనుక మఱియెవ్వరును కొననియెడల దీనివలన మనకు ఏమి మిగులును? ఇవి ఇంగ్లీషు చదువు లేని ముసలమ్మయు నడుగదగిన ప్రశ్నలే. వీనికి జవాబు చెప్పలేనివాడు వైట్ పేపరు ఎన్ని పుటలు చదివినను లాభము లేదు.

జవాబు లేకున్నను కొని తీరెదమనువారు ఇంటి లెక్కల పుస్తకములో ఆ మొత్తమును పొదుపు పద్దున వ్రాయకుందురు గాక. దానము పద్దునో, వినోదము పద్దునో, ధైర్యమున్నచో జూదము పద్దునో వ్రాసి, ఆ పుటను ఇంటిల్లిపాదికిని చూపవలెను. అట్లు చూపుటకు వెనుదీయునంతటి మొత్తమును ఆ పనికి పెట్టకుండుటయే మేలు.