ఉన్ని బొమ్మల సూదులు

గొర్రె ఉన్నిని సూదితో పొడిచి బొమ్మలు చేసే ఫెల్టింగ్ పనిని గూర్చి అడిగినవారి కొరకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ సూదికి దారం ఎక్కించే బెజ్జం ఉండదు. మొనకు పైగా అంచుల వెంట సన్నని గాట్లుంటాయి. పొడిచినప్పుడల్లా అవి ఉన్ని పోగులను లోపలికి లాగి చిక్కుపెడతాయి. అలా ఉండ గట్టిపడుతుంది. గేజి అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఉండ కట్టడానికి 36, కళ్లూ ముక్కూ తీర్చడానికి 40. ఒక్కటే కొనేవారికి 38 చాలునని మా అభిప్రాయం.

ఉక్కే గాని బహు పెళుసు. దిగిన దారినే పైకి తీయాలి. ఉన్నిలో ఉండగా పక్కకు వంచితే పుటుక్కున విరుగుతుంది. విరిగితే మాత్రం, మొన దొరికేదాకా ఆ బొమ్మను పసిపిల్లల చేతికి ఇవ్వకండి. దొరికిన ముక్కలను కలిపి, అదే రకం కొత్త సూదితో పొడవు సరిచూడండి. అయస్కాంతం ఉంటే వెదకడం సులువు. అప్పటికీ దొరకకపోతే బొమ్మను చించవలసిందే, రెండు రోజుల శ్రమ పోయినా సరే.

ఒడిలో పెట్టుకొని పొడవకండి, కింద మందపాటి స్పాంజి ఉండాలి. లేచేటప్పుడు సూదిని దానికే గుచ్చి వెళ్లకండి. ఎవరైనా చూడక కూర్చుంటారు. చెమ్మ తగిలితే తుప్పే గనుక పొడి డబ్బాలో దాచండి. పోగులు లోపలికి దిగకపోతే గాట్లు అరిగినట్టే. సాన పట్టి లాభం లేదు. అట్టి సూదిని చెత్తలో పారవేయక, మూతగల సీసాలో వేసి ఉంచండి.