పిడుగురాళ్లలో నిప్పురవ్వ కరువు

పేరులోనే పిడుగును దాచుకున్న ఊరు మా పిడుగురాళ్ల. అటువంటి ఊళ్లో ఒక మోటారు సైకిలుకు చిటికెడు కరెంటు కరువైందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా బావమరిదికి మాత్రం ఆ ఉదయం నవ్వు రాలేదు.

ఆ రోజు వాళ్ల అమ్మాయికి ఇంటర్మీడియట్ పరీక్ష. తండ్రి బండెక్కి సెల్ఫ్ మీట నొక్కాడు. 'టక్' మన్నది, అంతే. మళ్లీ నొక్కాడు, మళ్లీ 'టక్'. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి ఎదురింటివారి ఆటో పుణ్యమా అని గేటు మూసేలోపల చేరింది.

సాయంత్రం బండిని ఒక షాపుకు తోసుకుపోతే, 'బ్యాటరీ పోయిందండీ' అన్నారు. కొత్తది వేయించాడు. మూడోనాడు మళ్లీ అదే 'టక్'!

"బావా, ఈ బండి అమ్మిపారేస్తాను. ఎంతకొస్తే అంతకే" అంటూ మా ఇంటికి వచ్చాడు.

"తొందరపడకు" అని, బస్సు డిపోలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరైన మా వీధి పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన చిన్న మీటరు ఒకటి తెచ్చి, ఒక తీగ బ్యాటరీ మైనస్ కొసకూ, రెండోది ఇంజను లోహానికీ ఆనించి, "మీట నొక్కు నాయనా" అన్నాడు. దాదాపు సున్నా దగ్గరే ఉండవలసిన అంకె గబగబా పైకి లేచింది.

"బ్యాటరీలో కరెంటు ఉంది. తిరిగి వచ్చే దారిలో అడ్డం పడింది" అన్నాడు.

తాళం తీసి, ఎర్తు తీగ బిగించిన బోల్టు విప్పితే కింద తుప్పు, దానిమీద తెల్లటి పొర. సున్నపు బట్టీల ఊళ్లో దుమ్ము దూరని సందు ఉంటుందా? ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది బిగించాడు. బండి ఒక్క నొక్కుకే అందుకుంది. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు తీగ కాస్త కదిలి, రెండు రోజులు పని జరిగిందన్నమాట!

ఆయన చెప్పిన వరుస చదువరులకూ పనికొస్తుంది.

ముందు పైసా ఖర్చులేనివి చూడాలి. హ్యాండిలు మీది ఎర్ర స్విచ్చి ఆపి ఉందా, సైడు స్టాండు దించి ఉందా, పెట్రోలు ఉందా?

సెల్ఫ్ 'టక్' మని, ఆకుపచ్చ న్యూట్రల్ దీపం కొండెక్కబోతే, బ్యాటరీనో, దాని కొసలనో, ఎర్తు తీగనో అనుమానించాలి. దీపమూ, హారనూ అసలు పలకకపోతే ఫ్యూజు చూడాలి. పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది వేయాలి. లావుపాటి తీగ చుట్టారా, ఈసారి ఫ్యూజుకు బదులు బండే కాలుతుంది.

ఇంజను బాగా తిరుగుతూ అందుకోకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదేమో. తడిగా ఉంటే నిప్పురవ్వ పడటం లేదేమో. నల్లటి మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో ఊపిరాడక ఉండవచ్చు. మా ఊళ్లో ఇది మామూలే. నిప్పురవ్వ పరీక్ష మాత్రం పెట్రోలు తడి ఉన్నచోట చేయరాదు. మెకానిక్కుకు వదలడం మేలు.

కొత్త బ్యాటరీ కొనేముందు మరొక్క పని. నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తూ కాస్త వేగం పెంచినప్పుడు 14 చిల్లర దాకా లేవాలి. లేవకపోతే లోపం ఛార్జింగులో ఉంది. అటువంటప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా అవీ చచ్చిపోతాయి.

1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైన కాలపు బండ్లకు పాయింట్లు శుభ్రం చేసి కిక్కు కొడితే చాలావరకు సరిపోయేది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బి.ఎస్. 6 బండ్లు చాలావాటిలో పెట్రోలును పంపించే పంపు కూడా కరెంటుమీదే నడుస్తుంది. బ్యాటరీ బొత్తిగా అడుగంటితే తోసినా ప్రయోజనం తక్కువ. అందుకని ఆ రెండు కొసలమీదా కన్నుండాలి.

మా బావమరిది బండి అమ్మలేదు. చివరి పరీక్షనాడు తండ్రి చొక్కా తొడుక్కునేలోగా అమ్మాయే వాకిట్లోకి వెళ్లి మీట నొక్కి చూసిందట.

"నాన్నా, దీపం బాగానే వెలుగుతోంది. ఇక ఆలస్యం నీదే!" అన్నదట.