తప్పు దగ్గరే ఆగు తమ్ముడూ!

సబ్బవరం నుంచి ఓ తమ్ముడు ఉత్తరం రాశాడు. పొద్దున్నే బస్సెక్కి పెందుర్తి మీదుగా విశాఖ వెళ్లి పని చేసుకొస్తాడట. రాత్రి గంటసేపు కీబోర్డు ముందు కూర్చుని నాలుగు సినిమా పాటలు మొదటినుంచి చివరిదాకా లాగించేస్తాడట. పల్లవి బ్రహ్మాండం! చరణానికి ముందొచ్చే మ్యూజిక్ బిట్ దగ్గర మాత్రం వేళ్లు తడబడతాయి. రెండేళ్లుగా అదే చోట! "నాకు చెయ్యి తిరగదు, కీబోర్డు అమ్మేసి ఆ డబ్బు ఇంట్లో ఇచ్చేస్తాను" అన్నాడు.

తొందరపడకు తమ్ముడూ! నువ్వు చేస్తున్నది సాధన కాదు, కచేరీ. నాలుగు నిమిషాల పాటలో నీకు రాని ముక్క పది సెకన్లు. మిగతాదంతా వచ్చిందే మళ్లీ వాయించడం. పైగా తప్పు వాయించి ముందుకు పోయినప్పుడల్లా వేళ్లు ఆ తప్పునే బట్టీ పడతాయి.

మీ విశాఖలోనే పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి సంగతి వినే ఉంటావు. కంటిచూపు అంతంతమాత్రం. వయొలిన్ తొలిపాఠాలు చెప్పింది సొంత అన్నగారే. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, వాయిద్యం విని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని చెబుతారు. 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. చూశావా! కళాశాల గడప తొక్కకముందే ఇంట్లో సాధన జరిగిపోయింది.

మరి ఎలా చెయ్యాలంటావా? మన పెద్దలు సరళీ స్వరాలు మూడు కాలాల్లో ఎందుకు పెట్టారనుకున్నావ్? మొదటి కాలంలో శుద్ధంగా పలికితేనే రెండోది. నీ బిట్‌కీ అదే సూత్రం. ఆ పది సెకన్లే విడగొట్టు. కుడిచెయ్యి విడిగా, ఎడమచెయ్యి విడిగా, తర్వాత రెండూ కలిపి. కీబోర్డులోని మెట్రోనోమ్ 60 మీద పెట్టు. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 64. మధ్యలో తప్పిందా, మళ్లీ 60! విసుగ్గానే ఉంటుంది... విసుగొచ్చే చోటే విద్య ఉంది మరి.

గంట ఒకేసారి వద్దు. పొద్దున పావుగంట, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పావుగంట చాలు. కానీ రోజూ! ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా మూసిపెడితే లాభం లేదు. నేర్చిన వేళ్ల పనిని మెదడు నిద్రలో స్థిరపరచుకుంటుందని పరిశోధకులు చెప్తున్నారు. అంటే రాత్రి రానిది తెల్లారేసరికి కొంచెం దారికి రావచ్చు. వారానికోసారి సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు విను. వాయించేటప్పుడు చెవికి అందని తప్పులు అప్పుడు బయటపడతాయి.

అన్నట్టు, చివర్లో ఇష్టమైన పాటొకటి హాయిగా వాయించుకో. అది నీ జీతం!

అమ్మకం మాట ఒక మండలం, అంటే నలభై రోజులు వాయిదా వెయ్యి. ఆ తర్వాత ఆ ఒక్క బిట్ ఎలా పలికిందో నాకు రాయి. పాట మొత్తం సంగతి నేనడగను.