యంత్రము వ్రాసిన నోటీసుకు పూచీ ఎవరిది?

వ్యాపారి యిచ్చిన చెక్కు చెల్లక బ్యాంకునుండి తిరిగివచ్చుట మన వృత్తిలో క్రొత్త సంగతి కాదు. క్రొత్త సంగతి యేమన, అట్టి సమయమున నేతగాడు చేతిఫోనులోని చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ సాధనమును ఆశ్రయించుట. తెలుగులో అడిగిన చాలును, నిమిషములో నోటీసు తయారగును. ఫీజు లేదు, వకీలు గుమ్మమున పడిగాపులు లేవు. ఈ సౌకర్యమును మేము కాదనము. కడంబత్తూరు, తిరుత్తణి ప్రాంతముల మనవారికి కోర్టు కాగితము తమిళములోనో ఇంగ్లీషులోనో వచ్చినపుడు దాని సారాంశమును తెలుగులో తెలిసికొనుటకు ఇది మిక్కిలి ఉపయోగకరము.

అయితే కాగితము చదివించుకొనుట వేరు, కేసు అప్పగించుట వేరు. చెక్కు తిరిగివచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 దినములలోగా వ్రాతమూలకముగ నోటీసు ఇవ్వవలెను. అది అందిన 15 దినములలో సొమ్ము రానిచో, ఆపై నెల లోపల ఫిర్యాదు దాఖలు చేయవలెను. యంత్రము ఈ గడువులలో ఒక్కటి తప్పు చెప్పినను నష్టము నేతగానిదే.

1961 అడ్వకేట్ల చట్టము ప్రకారము న్యాయవాద వృత్తి నడుపు హక్కు నమోదైన అడ్వకేట్లకే కలదు. సలహా చెప్పుట, దస్తావేజులు తయారుచేయుట గూడ ఆ వృత్తిలోనివే యని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. ఇది వకీళ్ల జీవనోపాధికొరకే యని కొందరందురు. మేము అట్లు తలంపము. అడ్వకేటు తప్పుచేసినచో బార్ కౌన్సిలుకు జవాబు చెప్పవలెను, సన్నదు పోగొట్టుకొననువచ్చును. 2023లో న్యూయార్కులో చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను కోర్టుకు చూపినందుకు 5,000 డాలర్ల జరిమానా పడినది వకీళ్లకు, యంత్రమునకు గాదు. “ప్రపంచపు తొలి రోబో లాయరు” అని ప్రకటించుకొన్న డోనాట్‌పే కంపెనీ, తన పని వకీలు పనికి సాటియగునా యని పరీక్షింపనే లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆరోపించినది. ఆ కంపెనీ 1,93,000 డాలర్లు చెల్లింపవలెనను ఉత్తర్వు 2025లో ఖరారైనది.

నిషేధ మొక్కటే చాలదు. పేదవాడు యంత్రము నాశ్రయించుట ఫీజు కట్టలేకయే గదా! 1987 న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి ఉచితముగ వకీలు సహాయము లభించును. 15100 నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. కండెలు చుట్టుచు, మగ్గము నేయుచు నున్న మన స్త్రీలలో ఈ హక్కు నెరిగినవా రెందరు?

కావున సభ్యులకు మా మనవి: బ్యాంకు చీటీని, సరుకు బిల్లును భద్రపరచుడు. యంత్రము వ్రాసిన నోటీసుపై సంతకము చేయుటకు ముందు ఒక అడ్వకేటుకు చూపుడు. ప్రతి సంఘమును నెలకొకమారైన ఉచిత న్యాయసేవల అడ్వకేటును తన కార్యాలయమునకు రప్పించు ఏర్పాటు చేయవలెను.