నోటిమాటకు నిలవని షేర్లు

న్యూఢిల్లీ: షేర్లు అమ్మదలచినవారు తొలుత తమ శాఖవారికే ఇవ్వజూపాలని ఒక ప్రైవేటు కంపెనీని నడిపిన రెండు కుటుంబ శాఖలు 1951లో మౌఖికంగా ఒప్పుకున్నాయి. ఉన్నవి 50 షేర్లే, చెరి 25. తరువాత ఒకరు ఆ మాట మీరి ఎదుటి శాఖకు అమ్మారు. కంపెనీ నియమావళిలో లేని ఆంక్ష కంపెనీకి గాని, వాటాదారులకు గాని వర్తించదని రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు 1991లో తేల్చింది.

పబ్లిక్ కంపెనీల విషయంలో ఇటువంటి ఒప్పందాలను కాంట్రాక్టులుగా అమలుచేయవచ్చునని 2013 కంపెనీల చట్టం 58వ సెక్షన్ పేర్కొంది. పరస్పర విశ్వాసంపై నడిచే ప్రైవేటు కంపెనీల ప్రస్తావన అందులో లేకపోవడం విచిత్రమే. వాటికి నియమావళే దిక్కు. దాని సవరణకు పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు అవసరం గనుక, తగాదా వచ్చాక సగం షేర్లున్న శాఖ సైతం ఒంటరిగా ఆ నిబంధనను చేర్పించజాలదు.