మాట పుట్టిన తీరు: వీనర్



ఇంగ్లండులో పందులను పెంచే రైతులు, తల్లిపాలు మానిన పందిపిల్లను ‘వీనర్’ అంటారు. ఈ మాటకు అర్థం నాకు ఒక కుర్రవాడు చెప్పాడంటే మీకు నవ్వు రావచ్చు. అప్పటికి నేను ఎన్నో ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి!

ఒకనాడు తొమ్మిదో తరగతి పాఠంలో, ఒక ఇంగ్లీషు రైతు ఎనిమిది వారాల వీనర్లను సంతకు తోలుకుపోయాడని వచ్చింది. ఆ మాట నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ వేసి, “బక్కచిక్కిన పందులు” అని చెప్పి ముందుకు సాగాను. పంది అనేసరికి తరగతి అంతా వెనక బల్లవైపు తిరిగి నవ్వింది. అక్కడ కూర్చునే కుర్రవాడి ఇంట్లో పందులను పెంచుతారు. వాడు తల వంచుకున్నాడు.

కాసేపటికి లేచి, “బక్కవి కావేమోనండీ. ఎనిమిది వారాలంటే పాలు మానిన పిల్లలు. మేమూ అప్పుడే అమ్ముతాం” అన్నాడు.

“పాలు మాన్పించినవా?” అన్నాను.

“మాన్పించడం కాదండీ, మేత అలవాటు చేస్తాం. మేత అలవాటైతే పాలు అవే మానుతాయి.”

సాయంత్రం ఇంటికి వెళ్లి పెద్ద నిఘంటువు తీశాను. వాడు చెప్పిందే సరి! ‘వీన్’ అంటే పాలు మాన్పించుట. అయితే వెయ్యేళ్ల క్రితపు ఇంగ్లీషులో ఈ మాట ‘వెనియన్’. దాని అర్థం ‘అలవాటు చేయుట’. కాలక్రమాన అలవాటు సంగతి వెనకబడి, మాన్పించడమే మిగిలింది. జర్మనులు ఇప్పటికీ అలవాటు పడడాన్ని ‘గెవోనెన్’ అనీ, పాలు మాన్పించడాన్ని ‘ఎంట్‌వోనెన్’, అంటే అలవాటు తప్పించడం, అనీ అంటారు. మనకూ రెండు చూపులున్నాయి. ‘పాలు మాన్పించడం’ పోయేదానివైపు చూస్తుంది. ‘అన్నప్రాశన’ వచ్చేదానివైపు చూస్తుంది.

మరొక తమాషా. ‘టీచ్’కు ‘ఎర్’ చేరిస్తే నేర్పేవాడు. కాని పందుల దొడ్డిలో వీనర్ మాన్పించేది కాదు, మానినది!

మర్నాడు నా తప్పు తరగతిలో చెప్పి, నల్లబల్ల దగ్గరకు ఆ కుర్రవాణ్ణే పిలిచాను. మేత ఎలా అలవాటు చేస్తారో చెప్పమన్నాను. పాలు తాగుతుండగానే, తల్లి దూరలేని చిన్న సందు వెనక పిల్లలకు కొద్దికొద్దిగా మెత్తని మేత పెడతామన్నాడు. తొందరపడితే పిల్లలు చస్తాయట.

అది నిజమే. పుట్టినప్పుడు పందిపిల్ల కడుపు పాలలోని చక్కెరను అరిగించుకోవడానికే తయారై ఉంటుంది. గింజలలోని పిండిని అరిగించే రసాలు వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. ఈలోగా పాలు ఒక్కసారిగా ఆపితే విరేచనాలు పట్టుకొని, ఒంట్లో నీరు పోతుంది. ఇప్పటి పెద్ద దొడ్లలో 3, 4 వారాలకే పాలు మాన్పిస్తున్నారు గనుక ఈ జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి.

“ఒక్కొక్క పిల్లకూ ఒక్కొక్క చన్ను అండీ. రెండు మూడు రోజుల్లో కొట్టుకొని పంచుకుంటాయి. తరువాత రోజూ అదే” అన్నాడు వాడు. ఇది విని ముందు బల్లవాళ్లు కూడా ప్రశ్నలు మొదలుపెట్టారు. పంది ఎన్నాళ్లు మోస్తుందని ఎవరో అడిగారు. 3 నెలలు, 3 వారాలు, 3 రోజులు, సుమారు 114 రోజులని నేను చెప్పాను. చెప్పి, సరేనా అన్నట్టు వాడివైపు చూశాను. వాడు తల ఊపాడు.