ఓడ ఫోటో కింద హిసాబ్ ఏదీ?

వేసవి సెలవులు అయిపోయాయి. ఓడ ఫోటోలు మాత్రం అయిపోలేదు. ఖాందాన్ గ్రూపులో అవే, కలిసి చదువుకున్నవాళ్ళ గ్రూపులో అవే, ఆఖరికి మస్జిద్ కమిటీ గ్రూపులో కూడా అవే. డెక్కు మీద నల్లద్దాలు పెట్టుకున్న భాయ్, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ భాబీ, ఈత కొలనులో పిల్లలు, ప్లేటులో ఆరు రకాల మీఠా. కింద యాభై మంది ‘మాషా అల్లాహ్’ అని రాస్తారు. ఆ యాభై మంది దిల్‌లో ఏమనుకున్నారో చూపించే ఎమోజీ ఇంకా రాలేదు.

మాది బేతంచెర్ల. ఎటు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మాకు అలలు లేవు, నాపరాయి ఉంది. గనిలో కోసి, ఫ్యాక్టరీలో పాలిష్ పట్టి, లారీకెత్తి ఊరూరి ఇళ్ళకు పంపుతాం. ఆ దుమ్ము పీల్చి బతికే ఊరి నుంచి ఒక మనిషి ఓడెక్కి నాలుగు రోజులు మంచి గాలి పీల్చుకుంటే నాకు హసద్ దేనికి? ఖుషీనే. అది అతని మెహ్నత్ కమాయీ, అతని హక్కు.

నా తకరారు ఓడతో కాదు, కెమెరాతోనూ కాదు. ఫోటోను మనం వాడుతున్న తీరుతో. గ్రూపుల్లో మనం పెడుతున్నది యాద్‌గారీ కాదు, ధర చీటీ. ఆ చీటీ మీద రాసిన ధర చాలాసార్లు కట్టేది ఫోటోలో నవ్వుతున్న ఆడపిల్లే.

ముందు ఒక జమాత్‌కు జవాబు చెప్పి పక్కన పెట్టాలి. ఓడ ఫోటో పడ్డ పది నిమిషాల్లో ఎవరో ఒక సాహెబ్ ‘బేహయాయీ’ మీద అరగంట ఆడియో పంపుతారు. ఎవరి ఫోటో కింద పంపుతారో గమనించండి. మోకాళ్ళ పైకి నిక్కరేసుకున్న భాయ్ ఫోటో కింద రాదు. తల మీద దుపట్టా కాస్త జారిన చెల్లెలి ఫోటో కిందే వస్తుంది. జనాబ్, సముద్రంలో ఓడలు నడవడాన్ని అల్లాహ్ నిషానీగా ఖురాన్‌లో ఎన్నోచోట్ల చెప్పారు. ఓడెక్కడం గునాహ్ కాదు, సముద్రం చూసి ఆడది నవ్వడమూ గునాహ్ కాదు. ఓడలో బార్ ఉంది, కెసినో ఉంది అంటారా? నిజమే, ఉన్నాయి. ఆ సవాల్ టికెట్ కొన్న మగవాణ్ణి, కొనకముందు అడగాలి. టికెట్ కొన్నప్పుడు చుప్‌గా ఉండి, ఫోటో పడ్డాక ఆడమనిషి మీద పడటాన్ని దీన్ అనరు, జబర్దస్తీ అంటారు.

ఇప్పుడు అసలు మాట.

ఇది యాద్‌గారీనే అయితే ఒక చిన్న పరీక్ష పెడదాం. మా ఊరి పక్కనే బిలసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు వాటిని తవ్వి, ఏనాడో నశించిన జంతువుల ఎముకలు బయటికి తీశారు. ప్రపంచంలో ప్రాచీన చరిత్ర చదివేవాళ్ళకు మా ఊరు తెలిసింది వాటి వల్లే. ఇంకొంచెం దూరం పోతే బెలుం గుహలు, నేల కింద మూడు కిలోమీటర్లకు పైగా దారి. పిల్లల్ని తీసుకుపోతే జిందగీలో మర్చిపోరు. బిలసర్గం ఫోటో మీ గ్రూపులో ఎప్పుడైనా చూశారా? పోయొచ్చినవాళ్ళు కూడా పెట్టరు. ఎందుకంటే దాని మీద ధర లేదు. టిఫిన్ డబ్బాలో పులిహోర కట్టుకుని పోయొచ్చే చోటు ఫోటో చూసి ఎవరూ ‘ఎంతైంది భాయ్?’ అని అడగరు. ఓడ ఫోటో చూస్తే అడుగుతారు. అడగాలనే పెడతాం.

ఇది ఓడలతో మొదలైన బీమారీ కాదు. కడప, రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ పోయినవాళ్ళు పరాయి కారు పక్కన నిలబడి దిగిన ఫోటోలు మన ఇళ్ళ అద్దాల బీరువాల్లో ఇప్పటికీ ఉన్నాయి. కారు ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు. మొహల్లాకు తెలియకపోతే చాలు. అప్పుడు ఆ ఫోటో చూసేది ఇంటికొచ్చిన మనిషి ఒక్కరే. ఇప్పుడు మూడొందల మంది. ఆ మూడొందలలో సగం మంది ముఖం మనకు తెలియదు.

ఫోటో మన చేయి దాటితే దాని కథ మనది కాదు. దీనికి దేశమంతా చూసిన నమూనా ఒకటుంది. 2021 అక్టోబర్ 2న ముంబయిలో కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ మీద ఎన్‌సీబీ దాడి జరిగింది. కస్టడీలో ఉన్న షారుఖ్ ఖాన్ కొడుకు ఆర్యన్ ఖాన్‌తో ఒక ప్రైవేటు సాక్షి సెల్ఫీ దిగాడు. ఆ సెల్ఫీ ఊరూరా తిరిగింది, మన గ్రూపుల్లోనూ తిరిగింది. కుర్రాడు మూడు వారాలు జైల్లో ఉన్నాడు. 2022 మేలో ఎన్‌సీబీ ఛార్జిషీటు వేస్తే అందులో అతని పేరే లేదు. ఆ ఖబర్ ఎంతమంది ఫార్వర్డ్ చేశారు? తరువాతి నెలలోనే, జూన్ 8న, అదే ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చింది. అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై అంటూ టికెట్లు అమ్మారు. తెలుగు ఇళ్ళల్లో ఓడ ఫోటోల మోజుకు ఊపొచ్చింది అప్పటినుంచే. 2023లో విశాఖలో ఓడ ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా తెరిచారు. ఇక ఫోటోలకు కొదవేముంది?

బడా ఆద్మీ కొడుక్కే ఒక్క ఫోటోతో అంత జరిగితే, మన ఇంటి ఆడపిల్ల ఫోటోకు ఏమవుతుందో చెప్తాను. మా వైపు ఒక రిష్తా నడిచింది. పిల్ల డిగ్రీ చదివింది, తండ్రిది చిన్న వ్యాపారం. పిల్లవాడి వైపు వాళ్ళు మొదట ఎంతో షరాఫత్‌గా మాట్లాడారు. ‘మాకేం వద్దు, ఖురాన్, జానిమాజ్ ఇచ్చి పిల్లను పంపండి చాలు’ అన్నారు. ఈలోపు కువైట్‌లో ఉండే మామూ సెలవుకొచ్చి, తన జేబులోంచి ఖర్చు పెట్టి అందరినీ ఓడెక్కించాడు. పిల్ల స్టేటస్‌లో ఫోటోలు పడ్డాయి. వారం తిరగలేదు, మధ్యవర్తి ఖాలా వచ్చింది. ‘ఓడలెక్కే ఖాందాన్ కదా మీది, పిల్లోడికి బండి ఏం బాగుంటాది, కారే ఇయ్యండి’ అంది. ఓడ ఖర్చు మామూది అని చెప్తే ఇజ్జత్ పోతుంది. చెప్పకపోతే ప్లాటు పోతుంది. తండ్రి ఇజ్జతే కాపాడుకున్నాడు, ప్లాటు అమ్మాడు.

ఇందులో పిల్ల తప్పేముంది? ఏమీ లేదు. ఖుషీగా ఉన్నప్పుడు ఫోటో పెట్టుకుంది. తప్పు ఆ ఫోటోను తరాజులో పెట్టి తూచినవాళ్ళది. జహేజ్ అడగడం నేరమని 1961 నుంచి ఈ దేశంలో చట్టముంది. నికాహ్‌లో ఇవ్వాల్సింది మగవాడు, మెహర్ రూపంలో. ఈ రెండూ తెలిసిన పెద్దమనుషులే పైగామ్ పంపేముందు పిల్ల స్టేటస్, అన్న స్టేటస్, చిచ్చా స్టేటస్ వరసగా చూస్తున్నారు. పూర్వం ఇంటి గడప చూసి, పశువుల కొట్టం చూసి అందాజ్ వేసేవాళ్ళు. ఇప్పుడు గడప తొక్కే పని కూడా లేదు, ఫోనులోనే ఆడిట్ అయిపోతోంది. ఆడియో పంపే సాహెబ్, దీని మీద ఒక అరగంట ఆడియో పంపండి, నేనే నలభై గ్రూపుల్లో పెడతాను.

ఇక ఖిస్తుల సంగతి. జల్సా, షోకు, ఖర్చు, బాకీ, వసూలు, జప్తు. ఈ మాటలన్నీ మన జబాన్ వైపు నుంచి తెలుగులో కలిసినవే. వరసగా చదవండి, కొందరి ఓడ ప్రయాణం కథ మొత్తం వాటిలోనే ఉంది. ‘ఇప్పుడు తిరగండి, తర్వాత కట్టండి’ అనే యాప్‌లు వచ్చాక నాలుగు రోజుల ఓడకు ఏడాది ఖిస్తు కడుతున్న ఇళ్ళు నాకు తెలుసు. రిబా మీద గంటలు గంటలు బయాన్ విన్న ఇళ్ళే. ఫోటోలో డెక్కు కనిపిస్తుంది, ఐదో తారీఖున బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ కనిపించదు. చూసిన తమ్ముడి పెళ్ళాం రాత్రి మొగుణ్ణి అడుగుతుంది: ‘వాళ్ళకు వీలైంది, మనకెందుకు కాదు?’ ఆ బిచారాకు జవాబు లేదు. మీ ఫోటోలో సగం నిజమే ఉంది కాబట్టి, ఆ ఇంట్లో పూర్తి జగడా మొదలైంది.

ఫోటోలో కనిపించనివాళ్ళు ఇంకా ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడను కోవిడ్ వల్ల ఆపేశారు. అందులో 3,711 మంది. ఏడొందల మందికి పైగా జబ్బు అంటుకుంది. ఆ ఓడలో భారతీయులు 138 మంది. వాళ్ళలో ప్రయాణికులు ఆరుగురు. మిగతా 132 మంది పనివాళ్ళు. ప్రయాణికులు గదుల్లో తలుపులేసుకుని ఉంటే, ఆ తలుపుల దగ్గరికి తిండి మోసింది పనివాళ్ళే. మన దేశపు పనివాళ్ళు కొందరు ఓడలోంచి ఒక వీడియో పంపారు. అందులో సముద్రం లేదు, మీఠా లేదు. మమ్మల్ని కాపాడండి అని ఉంది.

ఆరుగురు, నూటముప్పై ఇద్దరు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఓడ మీద మనవాడు ఎక్కువగా ఉండేది కెమెరా ముందు కాదు, ట్రే వెనక. కువైట్‌లో పరాయి వంటింట్లో ఇరవై ఏళ్ళు గడిపిన ఫుఫ్పూలు ఉన్న ఇళ్ళు మనవి. ట్రే పట్టుకున్న చేయి మనకు అందరికన్నా ముందు కనిపించాలి. మరి మన ఫోటోల్లో బుఫే ఉంటుంది గానీ, దాన్ని సర్దిన కుర్రాడు ఉండడు. ఫ్రేములో పడితే కోసేస్తాం.

‘ఏం భాయ్, ఖుషీని పంచుకోవడం కూడా తప్పేనా?’ అంటారు. కాదు. పంచుకోవడం వేరు, ప్రకటించడం వేరు. 1995 దాకా ముంబయి నుంచి జెడ్డాకు హాజీలు ఓడల్లో పోయేవాళ్ళు. అక్బర్, నూర్‌జహాన్, మొహమ్మదీ అని ఆ ఓడలకు పేర్లు. మన నానీలు, దాదీలు చాలామందికి ఉన్న ఒకే ఒక్క ఫోటో ఆ హజ్ కాగితాల కోసం దిగిందే. ఆ కాలం అంతా పాక్ సాఫ్ అని నేననను. ఆ ఓడల్లోనూ ఫస్ట్ క్లాసు ఉండేది, డెక్కు క్లాసు ఉండేది. తిరిగొచ్చాక పేరుకు ముందు ‘హాజీ’ తగిలించకపోతే అలిగే పెద్దలూ ఉండేవాళ్ళు. దిఖావా మనిషితోపాటే పుట్టింది. కానీ వాళ్ళు సముద్రం గురించి చెప్పింది ఎదురుగా కూర్చున్నవాళ్ళకు. చేతిలో ఖజూర్ పెట్టి, గుక్కెడు జమ్‌జమ్ పోసి, వాంతులైన సంగతి, భయపడిన రాత్రి, పక్క మంచం ముసలమ్మ పెట్టిన పచ్చడి సంగతి అన్నీ చెప్పేవాళ్ళు. వింటున్న పొరుగావిడ ముఖం చిన్నబోతే కనిపించేది. కనిపిస్తే మాట తగ్గించేవాళ్ళు, ‘ఇన్షా అల్లాహ్ నువ్వూ పోతావమ్మా’ అనేవాళ్ళు. స్టేటస్‌కు ఎదుటి ముఖం కనిపించదు. ఎవరు చూశారో పేర్లు మాత్రం చూపిస్తుంది.

సూరా మాఊన్ చిన్న సూరా, మన పిల్లలకు కూడా జబానీ వస్తుంది. అందులో దిఖావా చేసేవాళ్ళ ప్రస్తావన, వాడుక వస్తువు అడిగితే ఇవ్వనివాళ్ళ ప్రస్తావన పక్కపక్కనే ఉన్నాయి. ఊరికే పక్కన లేవు. చూపించడం అలవాటైన చేతికి ఇవ్వడం మరుపొస్తుంది.

కాబట్టి నాలుగు మాటలు, నచ్చినా నచ్చకపోయినా. కొడుకుల తల్లిదండ్రులారా, పిల్ల స్టేటస్ చూసి జహేజ్ కట్టడం ఆపండి, అది భీఖ్ కన్నా నీచం. ఆడియోల సాహెబులారా, చెల్లెళ్ళ ఫోటోలు వదిలేసి అన్నల ఖిస్తుల గురించి మాట్లాడండి. ఓడెక్కినవాళ్ళారా, పెడితే పూర్తి ఫోటో పెట్టండి: డబ్బు మామూ పెట్టాడని, రెండేళ్ళు కూడబెట్టి పోయామని, బల్ల తుడిచిన కుర్రాడితో మాట్లాడామని రాయండి. ఆ ఒక్క వాక్యం చదివిన ఇంట్లో ఆ రాత్రి జగడా తగ్గుతుంది. కాగితం మీద నాలుగు ఫోటోలు తీయించి, ఈద్‌కు ఇంటికొచ్చినవాళ్ళ పక్కన కూర్చుని చూపించండి. పిల్లలు ఆ కథే గుర్తుపెట్టుకుంటారు.

ఈ ఎండల నేల మీద పుట్టినవాళ్ళం, సముద్రం మనకు బోలెడు బాకీ ఉంది. పోండి, చూడండి, నవ్వండి, ఫోటో దిగండి. గ్రూపులో పెట్టేముందు ఒక్క పని చేయండి. ఈ ఫోటో చూసి దిల్ నుంచి ఖుషీ అయ్యేవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టండి. రెండు చేతులు చాలితే, ఆ పదిమందికే పంపండి.